డీజిల్ బండిలో కూలెంట్ ఎటు పోతోంది? హెడ్డు దించే ముందు వెతకవలసిన చోట్లు

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, రోజూ కాస్త కాస్త తగ్గుతోంది, బండి కింద నేల మాత్రం పొడిగానే ఉంది. ఈ రెండు మాటలు చెప్పగానే చాలా షెడ్డుల్లో బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది: హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డుకూ, కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్డు దించాలి. ఒక్కోసారి అది నిజమే అవుతుంది. అయితే డీజిల్ ఇంజిన్‌లో కూలెంట్ కంటబడకుండా పోయే దారులు చాలానే ఉన్నాయి, వాటిలో అన్నిటికన్నా డబ్బు, సమయం తినేది హెడ్డు పని. అందుకని వెతుకులాటను చవకైన చోట మొదలుపెట్టి, ఒక్కొక్క అనుమానాన్నీ కొట్టేసుకుంటూ, హెడ్డు దగ్గరికి చివర చేరాలి. బొలెరో అయినా, ఇన్నోవా అయినా, డీజిల్ స్విఫ్ట్ అయినా, సరుకు మోసే చిన్న ట్రక్కు అయినా వరస ఇదే.

ముందు ఇంజిన్ చల్లారాలి

కూలింగ్ వ్యవస్థ ప్రెషర్ కుక్కర్ లాంటిది. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన ద్రవం మూత లేకుండా సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మూత బిగిస్తే అదే ద్రవం దాదాపు 129 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతుంది. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలి ద్రవం సలసల మరుగుతూ ముఖం మీదికి చిమ్ముతుంది. రేడియేటర్ పై హోస్‌ను (పైభాగంలోని రబ్బరు గొట్టాన్ని) చేత్తో నొక్కి చూడండి. అది మెత్తగా, చల్లగా ఉంటేనే మూత జోలికి వెళ్లండి. గుడ్డ వేసి తీస్తే చాలు అనే సలహాను నమ్మకండి.

కరెంటు ఫ్యాను ఉన్న బండ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను దానంతటదే తిరగవచ్చు. రేడియేటర్ దగ్గర చేతులు పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. దించిన కూలెంట్ ఉన్న పళ్లెం వాకిట్లో వదిలేస్తే కుక్కో పిల్లో నాకి చచ్చిపోతుంది. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు: మంచి టార్చి, చేతిపిడి ఉన్న చిన్న అద్దం, వేస్టు కాటన్, మార్కర్ పెన్ను, వెడల్పాటి అట్టముక్క. కొనవలసిన ఒకే ఒక్క పనిముట్టు రేడియేటర్ మూత స్థానంలో బిగించే చేతి పంపు, దాని మీద ప్రెషర్ గేజి ఉంటుంది. సొంతంగా కొనకపోయినా రేడియేటర్ పనివాళ్ల దగ్గర దొరుకుతుంది.

నిజంగా తగ్గుతోందా?

తెల్లవారి, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బండిని చదునైన నేల మీద పెట్టి, అదనపు కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలో మట్టం ఉన్నచోట మార్కర్‌తో గీత పెట్టండి. వేడి ఇంజిన్ మట్టాన్ని చల్లటి ఇంజిన్ మట్టంతో పోల్చితే ఏమీ తేలదు, ఎందుకంటే వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. వారం తర్వాత మళ్లీ అదే వేళకు, అదే చోట చూడండి. ఈ మధ్యే కూలెంట్ మార్చి ఉంటే, లోపల చిక్కుకున్న గాలి బయటికి వచ్చేకొద్దీ మట్టం ఒకసారి దిగుతుంది. అది లీకు కాదు. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా లీకు కాదు, వాటికి రంగూ వాసనా జిగురూ ఉండవు.

రేడియేటర్‌కే మూత ఉన్న బండ్లలో ఒక మోసం ఉంది. డబ్బా నిండుగా కనిపిస్తుంది, రేడియేటర్ మాత్రం సగం ఖాళీగా ఉంటుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోవలసిన చిన్న కవాటం పనిచేయకపోయినా, డబ్బా నుంచి రేడియేటర్‌కు వెళ్లే సన్న గొట్టానికి చీలిక ఉన్నా ఇలా జరుగుతుంది. డబ్బా చూసి ఊరుకోకుండా మూత తీసి లోపల కూడా చూడండి.

మూత: అన్నిటికన్నా చవకైన దోషి

మూతలో రెండు కవాటాలు ఉంటాయి. ఒకటి ఒత్తిడి మితిమీరితే వదిలేది, రెండోది చల్లారాక కూలెంట్‌ను వెనక్కి రానిచ్చేది. కింది రబ్బరు గట్టిపడినా, స్ప్రింగు నీరసించినా మూత ఆగవలసిన ఒత్తిడి దగ్గర ఆగదు. ఘాటు ఎక్కుతున్నప్పుడో, ఎండలో లోడుతో వెళ్తున్నప్పుడో కూలెంట్ కొంచెం కొంచెంగా బయటికి నెట్టుకుపోయి, వేడి రేకు మీదే ఆవిరైపోతుంది. బండి ఆపి చూసేసరికి ఆనవాలు ఉండదు.

మూత మీద 0.9 లేదా 1.1 అని బార్‌లలోనో, 13 లేదా 16 అని పీఎస్ఐలోనో అంకె ఉంటుంది. కొత్తది అదే అంకెది తీసుకోండి. ఎక్కువ ఒత్తిడి మూత పెడితే కూలింగ్ మెరుగవుతుందని కొందరు దుకాణదారులు చెబుతారు. మెరుగవడం మాట అటుంచి, అసలే బలహీనపడిన హోసులు, ప్లాస్టిక్ ట్యాంకు అతుకులు ముందుగా తెగుతాయి. మూత వయసు తెలియకపోతే మార్చేసి, ఒక వారం గీత చూసి, అప్పుడు ముందుకు వెళ్లండి.

బయటి లీకు: కన్ను, ముక్కు, అద్దం

ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. జిడ్డు, మట్టి పేరుకున్న ఇంజిన్ మీద లీకు వెతకడం వృథా ప్రయాస. రాత్రంతా కింద అట్టముక్క పరచి ఉంచితే పొద్దున్న మచ్చ ఎక్కడ పడిందో తెలుస్తుంది. అయితే మచ్చ పడిన చోటుకు సరిగ్గా పైనే లీకు ఉండాలని లేదు. నడిచే బండిలో ఫ్యాను గాలి చుక్కల్ని వెనక్కి తోస్తుంది, చుక్క ఇంజిన్ ఒంటి మీద పాకి ఎక్కడో జారుతుంది. తడి కనిపించిన వాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటును పట్టుకోండి. అసలు జాడ అక్కడ ఉంటుంది.

తడి లేకపోతే పొడి మచ్చల కోసం చూడండి. ఆరిపోయిన కూలెంట్ తెల్లటి, ఆకుపచ్చ లేదా గులాబీ రంగు పొరగా, గోటితో గీకితే పొడిగా రాలేలా అంటుకుని ఉంటుంది. హోస్ చివర్లలో, క్లిప్పు అంచున, రేడియేటర్ అల్యూమినియం కోరుకు (మధ్యలోని సన్న గొట్టాల భాగానికి) ప్లాస్టిక్ ట్యాంకును మడిచి బిగించిన అతుకు వెంట, థర్మోస్టాట్ (వేడికి తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే కవాటం) మూత చుట్టూ, డబ్బా అడుగు అతుకులో వెతకండి. హోసును రెండు వేళ్లతో నొక్కండి. క్లిప్పు పక్కన మాత్రం మెత్తగా ఉబ్బి, మిగతా భాగం గట్టిగా ఉంటే లోపల పొర చీలినట్టే. నూనె తడి తగిలిన హోస్ కూడా ఉబ్బుతుంది, అలాంటిది ఇక నమ్మదగదు.

షెడ్డుల్లో వాటర్ బాడీ అని పిలిచే వాటర్ పంపును అద్దంతో చూడాలి. పుల్లీ వెనుక, పంపు ఒంటికి కింది వైపున చిన్న రంధ్రం ఉంటుంది. అది లోపమేమీ కాదు, కావాలనే పెట్టింది. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగులోకి పోకుండా ఈ రంధ్రం గుండా బయటికి కారి కబురు చెబుతుంది. టార్చి వేసి అద్దం కింద పెట్టి చూస్తే రంధ్రం పెదవి దగ్గర నుంచి కిందికి సన్నటి చార కనిపిస్తుంది, తుప్పు రంగులోనో కూలెంట్ రంగులోనో. లేత మరక ఉంటే భయపడనవసరం లేదు. తుడిచాక మళ్లీ రెండు రోజుల్లో చార వస్తే పంపు వెళ్లిపోతున్నట్టే. బెల్టు తీసి పుల్లీని అటూ ఇటూ ఊపండి. ఏ మాత్రం కదలిక ఉన్నా ఇక ఆలోచించవద్దు. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసేసిన బండ్లు కూడా కనిపిస్తాయి. అది లీకు ఆపడం కాదు, బేరింగును చంపడం.

ఇంకా కంటికి దొరకకపోతే ఇంజిన్ బ్లాకు పక్కన గుండ్రని గిన్నె ఆకారంలో దిగ్గొట్టిన లోహపు మూతలు ఉంటాయి, కోర్ ప్లగ్గులు అంటారు. మామూలు నీళ్లతో నడిపిన బండ్లలో అవి లోపలి నుంచి తుప్పు తిని సూదిమొన రంధ్రాలు పడతాయి. హీటర్ ఉన్న బండిలో ముందు సీటు కింద చాప తడి, అద్దం మీద జిడ్డు ఆవిరి, లోపల తియ్యని వాసన ఉంటే లీకు డ్యాష్‌బోర్డు వెనుక హీటర్ కోరులో ఉంది.

ఒత్తిడి పెట్టి చూడటం

ఖాళీగా ఆన్‌లో ఉంచినంత మాత్రాన డీజిల్ ఇంజిన్ పెద్దగా వేడెక్కదు. శ్రీశైలం ఘాటులో లోడుతో బయటపడే లీకు షెడ్డులో గంటసేపు నడిపినా బయటపడకపోవచ్చు. దానికి విరుగుడు ఈ చేతి పంపు. ఇంజిన్ చల్లగా ఉండగా రేడియేటర్ నింపి, మూత స్థానంలో పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న అంకె దాకా మాత్రమే ఒత్తిడి పెట్టండి. ముల్లు పావుగంట కదలకుండా నిలిస్తే బయటి లీకు లేదనుకోవచ్చు. ముల్లు దిగుతుంటే మళ్లీ టార్చి, అద్దం పట్టుకుని తిరగండి. సన్నటి సుయ్యిమనే చప్పుడు వినడానికి చుట్టుపక్కల నిశ్శబ్దంగా ఉండటం మేలు. ఇదే పరీక్షను ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఆపి చేస్తే కొన్ని కొత్త చోట్లు దొరుకుతాయి. అయితే వేడి మీద మూత తీయడం ప్రమాదం కాబట్టి, పంపును ముందే బిగించి ఇంజిన్ నడిపి చూడటం అనుభవం ఉన్నవారి పని. కొన్ని లీకులు దీనికి పూర్తిగా వ్యతిరేకం: రబ్బరు ముడుచుకునే చలి పొద్దున్న మాత్రమే క్లిప్పు దగ్గర కారి, వేడెక్కగానే ఆగిపోతాయి.

ముల్లు దిగుతోంది, ఎక్కడా తడి లేదు. అప్పుడే లోపలి లీకు మాట ఎత్తాలి.

లోపలి లీకు: గ్యాస్కెట్ కన్నా ముందు ఇద్దరు

ఇక్కడే తొందరపాటుకు ఎక్కువ మూల్యం పడుతుంది. తెల్లపొగ కనిపించగానే గ్యాస్కెట్ అనేయకండి. ముందు పొగ వాసన చూడండి. కళ్లు మండించే, పచ్చి డీజిల్ వాసన వేసే తెల్లపొగ కాలని ఇంధనం. దానికి కారణం స్టార్టుకు సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్గులో, ఇంధనం చిమ్మే ఇంజెక్టరో, సిలిండర్‌లో గాలి నొక్కుడు (కంప్రెషన్) తగ్గడమో అవుతుంది, కూలెంట్‌తో సంబంధం లేదు. తియ్యని వాసనతో, ఆవిరిలా త్వరగా గాలిలో కరిగిపోయే పొగ కూలెంట్. చలికాలం పొద్దున్న సైలెన్సర్ నుంచి కాసేపు ఆవిరి రావడం మామూలే.

పెట్రోలు బండి మరమ్మతులకు అలవాటుపడిన చేతులు ఎక్కువగా మరచిపోయేది ఈజీఆర్ కూలర్. కొన్ని వందల డిగ్రీల వేడి ఉన్న ఎగ్జాస్ట్ వాయువులో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ముందు దీనిలో చల్లబరుస్తారు. పల్చటి ఉక్కు గొట్టాల్లో వాయువు, చుట్టూ కూలెంట్. మసి పేరుకోవడం, ఒక్కసారిగా వేడెక్కి చల్లబడటం వల్ల ఆ గొట్టాలు చీలుతాయి. బండి ఆపిన తర్వాత వ్యవస్థలో మిగిలిన ఒత్తిడి కూలెంట్‌ను ఆ చీలిక గుండా వాయుమార్గంలోకి నెడుతుంది. పొద్దున్న స్టార్టు చేయగానే కాసేపు తెల్లపొగ, తర్వాత అంతా సవ్యం. అచ్చం గ్యాస్కెట్ లక్షణమే. ఎగ్జాస్ట్ ఒత్తిడి పెరిగినప్పుడు వాయువు కూడా కూలెంట్‌లోకి దూరగలదు, అందువల్ల రేడియేటర్‌లో బుడగలు కూడా రావచ్చు. బుడగలు ఒక్కటే సాక్ష్యంగా హెడ్డు దించకూడదని అనడానికి కారణం ఇదే.

పరీక్ష కష్టం కాదు. ఇంజిన్ చల్లగా ఉండగా ఈజీఆర్ కూలర్ నుంచి వాయువు బయటికి వెళ్లే పైపును విప్పి లోపల టార్చి వేయండి. ఆరోగ్యంగా ఉన్న కూలర్ లోపల ఎక్కడ చూసినా పొడి నల్లమసి ఉంటుంది. మసి ముద్దలా తడిసి ఉన్నా, ఒక చార మేర కడిగినట్టు లోహం బయటపడి ఉన్నా అనుమానం బలపడింది. పంపుతో కూలింగ్ వ్యవస్థకు ఒత్తిడి పెట్టి గంటసేపు వదిలి మళ్లీ చూడండి. ఇంకా సందేహం ఉంటే కూలర్‌ను విప్పి, కూలెంట్ వైపు దారులు మూసి, తక్కువ ఒత్తిడి గాలి పెట్టి వేడినీళ్ల తొట్టిలో ముంచితే బుడగ వచ్చే గొట్టం తెలుస్తుంది. దీన్ని వెల్డింగ్ చేయించడం డబ్బు దండగ, పల్చటి గొట్టం పక్కనే మళ్లీ చీలుతుంది. కొత్తది వేయాలి. మొత్తం ఈజీఆర్‌నే మూసేద్దాం అనే సలహా కూడా వస్తుంది. బీఎస్-4, బీఎస్-6 బండ్లలో అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం, పైగా హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది.

రెండో అనుమానితుడు ఆయిల్ కూలర్. సాధారణంగా ఆయిల్ ఫిల్టర్ దగ్గరే పళ్లేలు పేర్చినట్టు ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కన్నా బాగా ఎక్కువ, కాబట్టి ముందు ఆయిల్ కూలెంట్‌లోకి వస్తుంది. రేడియేటర్ మూత కింద గోధుమరంగు చిక్కటి ముద్ద పేరుకుంటుంది, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద మాత్రం ఆయిల్ శుభ్రంగానే ఉండవచ్చు. ఇంజిన్ ఆపాక ఒత్తిడి తారుమారై కూలెంట్ ఆయిల్‌లోకి దిగవచ్చు. చాలాసార్లు పోయేది సీళ్లు మాత్రమే, కాబట్టి అవి విడిగా దొరుకుతాయేమో విచారించండి. ఆటోమేటిక్ గేరు బండ్లలో గేరు ఆయిల్ కూలర్ రేడియేటర్ ట్యాంకులోనే ఉండవచ్చు. ముద్ద ఇంజిన్ ఆయిల్‌దా, గేరు ఆయిల్‌దా అన్నది కూడా తేల్చుకోవాలి.

ఆయిల్ మూత అడుగున తెల్లటి నురగ చూసి కంగారు పడకండి. రోజూ నాలుగు వీధులు తిరిగి ఆగే బండిలో తేమ వల్ల అది వస్తుంది. నిజం తెలియాలంటే రాత్రంతా కదపకుండా ఉంచిన బండి కింద ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టును కొద్దికొద్దిగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి ఆయిల్‌లో విడిగా కూలెంట్ ఉంటే మొదటి చుక్కల్లోనే వస్తుంది.

గ్యాస్కెట్‌ను రుజువు చేయడం

పై ఇద్దరూ నిర్దోషులని తేలాక హెడ్డు వంతు. మూత బిగించి చల్లటి ఇంజిన్ స్టార్టు చేయండి. నీళ్లు ఇంకా వేడెక్కకముందే, రెండు మూడు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడితే సిలిండర్ వాయువు కూలెంట్‌లోకి వస్తోంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలి రంగు పరీక్ష ద్రవం గుండా పీల్చే పరికరం కూడా ఉంటుంది. దహన వాయువు తగిలితే పెట్రోలు ఇంజిన్‌లో అది పసుపుకు, డీజిల్‌లో ఆకుపచ్చకు మారుతుంది. డీజిల్‌లో కూడా పసుపు కోసం ఎదురుచూస్తూ బాగుందనుకునేవాళ్లు ఉన్నారు. ఏ సిలిండరో తేల్చాలంటే గ్లో ప్లగ్గు రంధ్రం గుండా ఒక్కొక్క సిలిండర్‌కు, రెండు కవాటాలూ మూసి ఉన్న స్థితిలో గాలి పెట్టి రేడియేటర్‌లో బుడగలు చూడాలి.

ఒక హెచ్చరిక. పొద్దున్న స్టార్టరు తిప్పగానే ఇంజిన్ టక్కున ఆగిపోతే మళ్లీ మళ్లీ తిప్పకండి. సిలిండర్‌లో కూలెంట్ నిండి ఉండవచ్చు. ద్రవం గాలిలా నలగదు, పిస్టన్‌కు తగిలించి ఉన్న కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. గ్లో ప్లగ్గులు విప్పాకే తిప్పాలి.

హెడ్డు దించక తప్పదని తేలితే అది లేత్ పని తెలిసిన మంచి షెడ్డులో జరగాలి. మీరు దగ్గరుండి అడగవలసినవి ఇవి: స్ట్రెయిట్ ఎడ్జి (తిన్నని ఉక్కు పట్టీ), ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకులు)తో హెడ్డు వంపు కొలిచారా? ఆ ఇంజిన్ తయారీదారు ఫేసింగ్‌ను (హెడ్డు అడుగును చదును చేయడానికి చెక్కడాన్ని) అనుమతిస్తాడా, అనుమతిస్తే ఎంత? పగులు పరీక్ష చేశారా? గ్యాస్కెట్ మందం ఏది? చాలా డీజిల్ ఇంజిన్లకు పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి, అంచున ఉన్న గాట్లనో రంధ్రాలనో బట్టి రెండు మూడు మందాల్లో ఒకటి ఎంచుకోవాలి. చేతికందింది వేస్తే పిస్టన్ వాల్వును తాకవచ్చు, లేదా కంప్రెషన్ పడిపోవచ్చు. సాగే రకం హెడ్ బోల్టులైతే కొత్తవే వేయాలి, పుస్తకంలోని వరసలో, టార్క్ రెంచ్‌తో, చెప్పిన కోణం మేరకు.

లారీలు, ట్రాక్టర్ల పెద్ద ఇంజిన్లలో ఇంకో రోగం ఉంది. లైనరు (పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గొట్టం) చుట్టూ నేరుగా కూలెంట్ ఉండే రకాల్లో, లైనరు కంపనానికి దాని ఒంటి మీద ఆవిరి బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని తొలుస్తాయి. చివరకు సూదిమొన రంధ్రం పడి కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది. కూలెంట్ కలపని ఉత్త నీళ్లతో నడిపే ఇంజిన్లలో ఇది మరీ త్వరగా వస్తుంది.

బయటి లీకుల మరమ్మతు, దారిలో గండం గట్టెక్కడం

హోసు ఒకటి చీలితే దాని వయసువే అయిన మిగతావి కూడా మార్చండి. ప్లాస్టిక్ మూతి మీద స్క్రూ క్లిప్పును బలమంతా పెట్టి బిగిస్తే మూతే పగులుతుంది. కంపెనీ ఇచ్చిన స్ప్రింగు క్లిప్పు బాగుంటే అదే మేలు, అది రబ్బరుతోపాటు సాగి ముడుచుకుంటుంది. రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం పెట్టవచ్చు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఆ పనితనం ఇంకా ఉంది. అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకు రకానికి మాత్రం మార్పే మందు. వాటర్ పంపు టైమింగ్ బెల్టుతో తిరిగే బండిలో పంపు, బెల్టు, టెన్షనరు ఒకేసారి మార్చండి, విప్పే కూలి ఒకటే కదా.

దారిలో లీకైతే పసుపు పొడి వేసే అలవాటు మన డ్రైవర్లలో ఉంది. చిన్న చీలిక కొంతసేపు మూసుకోవచ్చు కూడా. పసుపైనా, దుకాణంలో అమ్మే లీకు మందు అయినా అది షెడ్డు దాకా చేరడానికే. చేరగానే మొత్తం కడిగించాలి, లేదంటే రేడియేటర్, హీటర్, ఈజీఆర్ కూలర్ సన్న దారులన్నీ పూడుకుపోతాయి. టెంపరేచర్ ముల్లు పైకెక్కి హఠాత్తుగా కిందికి పడితే చల్లబడిందని సంతోషించకండి. సెన్సరు చుట్టూ కూలెంట్ లేక అది గాలిని కొలుస్తోంది. వెంటనే ఆపండి. వేడెక్కిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలవచ్చు.

నింపడం, గాలి తీయడం

బోరు నీళ్లు వద్దు. మన ప్రాంతాల్లో చాలా బోర్ల నీళ్లలో ఉండే సున్నం రేడియేటర్ గొట్టాల్లో గట్టి పొరగా పడుతుంది. కలిపి అమ్మే కూలెంట్ కాకపోతే, పెట్రోలు బంకుల్లో బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. రంగు చూసి రకం నిర్ణయించకండి, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. బండి పుస్తకంలో రాసిన రకమే వాడండి.

బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా నిలపండి. హీటర్ ఉంటే పూర్తి వేడి మీద పెట్టండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, మెల్లగా పోస్తూ, అక్కడ నుంచి బుడగలు లేని ధార వచ్చాక బిగించండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్టు చేసి, మట్టం దిగేకొద్దీ కలుపుతూ, పొంగి వచ్చేలోపు మూత బిగించండి. థర్మోస్టాట్ 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది, అప్పుడు కింది హోసు కూడా వేడెక్కుతుంది. రెండు హోసులూ వేడిగా ఉండి, హీటర్ వేడిగాలి విసురుతుంటే గాలి పోయినట్టే. ఆపి, రాత్రి చల్లారనిచ్చి, పొద్దున్న తక్కువైనంత పోసి కొత్త గీత పెట్టండి. లోడుతో ఒక ఎత్తు ఎక్కి వచ్చాక, మర్నాడు పొద్దున్న ఆ గీతనే చూడండి. దించిన పాత కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్‌లో కలపకుండా విడిగా షెడ్డుకు అప్పగించండి. కాలువలోనో చెట్టు మొదట్లోనో పోయకండి.